నాన్న కారు మీటర్లకు పట్టిన వణుకు

పోయిన నెల ఒక సాయంత్రం రాజమండ్రి నుంచి కొవ్వూరు తిరిగి వస్తుంటే, వంతెన సగం దాటేసరికి నా కారు డాష్‌బోర్డు మీది దీపాలన్నీ ఒక్కసారిగా మిణుకుమిణుకుమన్నాయి. ఆరి, వెలిగి, మళ్ళీ ఆరబోయి, వంతెన దిగాక ఏమీ ఎరగనట్టు బుద్ధిగా వెలుగుతూ కూర్చున్నాయి. మర్నాడు సర్వీసు సెంటరుకు తీసుకెళితే అక్కడి పెద్దమనిషి కారుకో తీగ తగిలించి, చేతిలో పలకలాంటిదేదో చూసుకుని, "ఏ కోడూ రావట్లేదండి, అంతా బానే ఉందండి" అన్నాడు. నేను నా కళ్ళతో చూశానయ్యా అన్నాను. ఆయన ఎంతో మర్యాదగా నా నెరిసిన తల వంకా, నా కళ్ళజోడు వంకా చూశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంటికొచ్చి కాకినాడలో ఉన్న మా అమ్మాయికి ఫోను చేసి చెప్పుకుందామనుకుంటే, అది సగం విని, ఈ వయసులో ఇంకా నువ్వు కారు నడపడం ఎందుకమ్మా, డ్రైవర్ని పెట్టుకోకూడదూ అంది. జబ్బు కారుకి వస్తే పథ్యం నాకన్నమాట!

కోపం చల్లారాక నవ్వొచ్చింది, నవ్వు వెనకే కళ్ళు చెమర్చాయి. ఎందుకంటే ఇదే జబ్బు, ఇదే మాట, ఇదే చూపు, ఒకప్పుడు మా నాన్న కూడా పడ్డాడు. మీటర్ల వెనకాల బుల్లి బల్బులు పసుప్పచ్చగా వెలిగే పాత కార్లలో తిరిగిన నా ఈడువాళ్ళయితే ఈ సంగతి ఇట్టే పోల్చుకుంటారు. ఈ కాలం పిల్లలకి మీటరు ముల్లు అని చెప్పబోతే, గడియారం ముల్లా అని అడుగుతారు.

మాది పాలకొల్లు. మా నాన్నకి సొంత కారుండేది. సొంత కారనగానే మేమేదో మహా కలిగినవాళ్ళమనుకునేరు, అది టాక్సీ. ఎవరో ఎంతోకాలం వాడి వదిలేసిన నల్ల కారుని కొని, దానికి రంగులేయించి, సీట్లకి తెల్లటి గలేబులు కుట్టించి, పెళ్ళివారినీ, పురిటికి వెళ్ళే అమ్మాయిల్నీ, క్షేత్రాలు తిరిగే ముసలివాళ్ళనీ ఎక్కించుకుని తిరిగేవాడు. ఆ కారు మీద ఆయనకున్న మక్కువ చూసి మా అమ్మ, అది ఇంటికి పెద్ద కోడలు, నేను చిన్న కోడల్ని అని దెప్పుతూ ఉండేది. ఆయనకో నియమం ఉండేది. ముందు సీట్లో ఎవర్నీ కూర్చోనిచ్చేవాడు కాదు. ముందు కూర్చున్నవాళ్ళు కబుర్లలో పెట్టి దారి మీద ధ్యాస చెడగొడతారని ఆయన భయం. ఆ సీట్లో ఆయన తుండుగుడ్డా, భోజనం కేరేజీ, మరచెంబూ మాత్రమే ప్రయాణం చేసేవి. కలెక్టరొచ్చినా సరే వెనకే కూర్చోవాలి అనేవాడు. కలెక్టరు ఎప్పుడూ రాలేదనుకోండి, అది వేరే సంగతి.

ఆ కారుకి ప్రతి శుక్రవారం పూజ. అది మా నాయనమ్మ హక్కు, అందులో ఇంకెవరు వేలు పెట్టినా ఊరుకునేది కాదు. పొద్దున్నే తలంటుకుని, చక్రాలకీ బానెట్‌కీ పసుపు కుంకాలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్ళు చెంబులోకి పట్టి, తమలపాకుతో కారు చుట్టూ చిలకరించేది. అంతటితో ఊరుకునేదా? తలుపు తీయించి, డాష్‌బోర్డు మీద అద్దానికి ఆనించి పెట్టిన దేవుడి పటానికి కుంకం పెట్టి, చెంబులో మిగిలిన నీళ్ళన్నీ ఆ పటం మీద కుమ్మరించేది. కోనసీమలో పుట్టిన మనిషి, కొబ్బరికాయ దగ్గర పిసినారితనం ఆవిడకి తెలియదు. నాన్న నవ్వుతూ తుండుతో తుడుచుకుని బేరానికి వెళ్ళిపోయేవాడు.

అలాంటి రోజుల్లో ఒక ఎండాకాలం కారు మీటర్ల దీపాలకి వణుకు పట్టుకుంది. చీకటి పడే వేళ బండి నడుపుతుంటే ఉన్నట్టుండి మీటర్లు మసకబారడం, మళ్ళీ వెలగడం, ఒక్కోసారి బాగా కొట్టుకోవడం. నాన్న వేలి కణుపుతో డాష్‌బోర్డు మీద టకటకా కొట్టేవాడు, ముందుకి వంగి చూసేవాడు, తుండుతో కళ్ళు తుడుచుకునేవాడు. వెనక కూర్చున్నవాళ్ళకి మీటర్లు కనపడవు కదా, వాళ్ళకి కనిపించేదల్లా డ్రైవరు మాటిమాటికీ బండి నెమ్మది చేసి కళ్ళు తుడుచుకోవడమే. ఏమైనా కనిపిస్తోందాండీ అని ఆయన అడిగితే, వాళ్ళు దారి వంక చూసి ఏమీ లేదే అనేవారు.

మా మావయ్యకి, అంటే అమ్మ తమ్ముడికి, మా ఇంటికి రెండు వీధుల అవతల మెకానిక్ షెడ్డుండేది. చేతి పనిలో మంచివాడే కానీ నోరు ఊరుకోదు, బావగారిని ఆటపట్టించకపోతే తిన్నది అరగదు. నాన్న కారుని ఆ షెడ్డుకి మంగళవారం నాడే తీసుకెళ్ళేవాడు. మంగళవారం ప్రయాణాలు ఎవరూ పెట్టుకోరు, బేరాలుండవు, బండి ఖాళీ. మావయ్య బల్బులు చూశాడు, మార్చాడు, బ్యాటరీ చూశాడు, తీగలు లాగి చూశాడు. దీపాలు ముత్యాల్లా వెలిగాయి. వచ్చే మంగళవారం మళ్ళీ అంతే. ఆపై మంగళవారమూ అంతే. చివరికోసారి, "బండికేం రోగం లేదు బావా, ఓసారి కళ్ళు చూపించుకో" అనేశాడు. వేళాకోళానికే అన్నాడు పాపం. కానీ ఆ మాట మా ఇంట్లో పిడుగులా పడింది.

ఎందుకు పడిందో చెప్పాలి. మా తాతయ్యకి నడివయసులోనే చూపు మందగించి, కొన్నాళ్ళకి పూర్తిగా పోయింది. నాన్న చిన్నతనమంతా ఆయన చెయ్యి పట్టుకుని కాలవ గట్టుకీ, సంతకీ, చుట్టాలిళ్ళకీ నడిపించడంతోనే గడిచింది. తాతయ్యకి కూడా మొదట్లో దీపాలే వణికినట్టు కనిపించేవట. ఆ సంగతి నాయనమ్మ మర్చిపోలేదు, నాన్న అంతకన్నా మర్చిపోలేదు. ఆయనకి కారు పోతుందన్న దిగులు కాదు, తన చెయ్యి కూడా ఎవరో ఒకరు పట్టుకుని నడిపించాల్సిన రోజు వచ్చేసిందేమోనన్న దిగులు. పైకి చెప్పేవాడు కాదు. గడ్డం గీసుకుంటూ అద్దంలో ఒక కన్ను మూసి, ఇంకో కన్ను మూసి చూసుకోవడం నేను ఎన్నిసార్లు చూశానో!

రాజమండ్రిలో కళ్ళ డాక్టరుకి చూపిస్తే చూపు బాగానే ఉంది, ఈ వయసుకి మామూలుగా వచ్చే చత్వారమే అని కళ్ళజోడు రాసిచ్చాడు. ఆ జోడే కొంప ముంచింది. అది పెట్టుకుని టాక్సీ స్టాండులో కనపడ్డ రోజు నుంచీ, అనుకున్నదే అయింది, ఆయనకి కళ్ళు పోతున్నాయిట అని ఊరంతా గుప్పుమంది. ఏళ్ళ తరబడి నాన్న కారు తప్ప ఎక్కని కుటుంబాలవాళ్ళు వేరే బళ్ళు మాట్లాడుకున్నారు. ఎదురుపడితే మాత్రం తలొంచుకుని, మీ ఆరోగ్యం ఎలా ఉందండీ అని పరామర్శ. పరామర్శట, పరామర్శ!

ఇంట్లో ఆడవాళ్ళిద్దరూ రెండు దార్లు పట్టారు. నాయనమ్మ కొడుకు కళ్ళ కోసం మొక్కుకుని, శుక్రవారం నాడు ఒక కాయ కొట్టేచోట మూడేసి కొట్టడం మొదలుపెట్టింది. అమ్మేమో కారు అమ్మేయమని పట్టుబట్టింది. ఆవిడ్ని తప్పుపట్టలేను. సాయంత్రం బేరం ఉన్న రోజల్లా వీధి గుమ్మంలో నించుని, హారన్ వినపడేదాకా మెతుకు ముట్టేది కాదు. నాన్న చాలారోజులు వినలేదు కానీ చివరికి సరే అన్నాడు. తణుకు నుంచి ఒకాయన వచ్చి చూసుకుని, ఆదివారం వచ్చి బండి తోలుకుపోతానన్నాడు.

అప్పుడు నేను కొవ్వూరులో కొత్తగా టీచరుద్యోగంలో చేరి, తెలిసినవాళ్ళింట్లో గది తీసుకుని ఉండేదాన్ని. శనివారం మధ్యాహ్నం బడి విడిచాక బస్సెక్కి ఇంటికి వెళ్ళడం అలవాటు. ఆ శనివారం మాత్రం బడి గేటు దగ్గర మా నల్ల కారు ఆగి ఉంది. ఏంటి నాన్నా ఇలా వచ్చావు అంటే, ఊరికేనే అన్నాడు. ఊరికే ఎందుకొస్తాడు, ఆఖరిసారి కూతుర్ని ఎక్కించుకుని తీసుకెళదామని వచ్చాడు. నేను అలవాటు చొప్పున వెనక తలుపు తీయబోతే ఆపి, కేరేజీ, మరచెంబు, తుండు తీసి వెనక పెట్టి, ముందు సీటు తన చొక్కా చెయ్యితో దులిపి, కూర్చోమన్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఆ సీట్లో కూర్చోవడం నాకదే మొదలు. గర్వపడాలో, ఏడవాలో తెలియలేదు.

గోదావరి గట్టున కారు ఆపి, చాలాసేపు, అవతల ఒడ్డుకేసి చూస్తూ నించున్నాడు. నేనూ తొందరపెట్టలేదు. అందుకే నిడదవోలు దాటేసరికి అసురసంధ్య వేళయింది. కాలవ గట్టు మీద బారులు కట్టి పశువులు ఇళ్ళకి మళ్ళుతున్నాయి. నాన్న దీపాలు వేశాడు. ఒక గతుకులో బండి ఎగిరిపడగానే మీటర్లలో వెలుతురు గజగజలాడింది. నేను చూశాను. చూసి కూడా ఏమీ అనలేదు, ముందు సీట్లో ఎప్పుడూ కూర్చోనిదాన్ని, కార్లన్నీ అంతే కాబోలు అనుకున్నాను. నాన్న ఓరగా నా మొహమే చూస్తున్నాడని తర్వాత గ్రహించాను. అడగడానికి ఆయనకి ధైర్యం చాలడం లేదు. అడిగితే నేనూ ఏమీ లేదే అంటానేమోనని భయం. అలా కొంతదూరం పోయాక బండి పక్కకి తీసి ఆపాడు, ఇంజను మాత్రం ఆపలేదు.

"అమ్మాయ్, నన్ను ఊరుకోబెట్టడానికి చెప్పకు, నిజం చెప్పు. ఆ దీపాలు ఒణుకుతున్నాయా, నా కళ్ళు ఒణుకుతున్నాయా?"

"దీపాలే నాన్నా. నాకూ కనపడుతోంది. ఆ పెట్రోలు ముల్లు కూడా గంతులేస్తోంది."

ముల్లు కూడానా, ముల్లు కూడానా అని రెండుసార్లు అడిగాడు. ఆ మాట ఆయనకి వరమిచ్చినట్టయింది. స్టీరింగు మీద తల ఆనించి, చిన్నపిల్లాడిలా భుజాలు కదిలిపోయేలా ఏడ్చాడు. మా నాన్న ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి. నాకేం చేయాలో తోచక వెనక సీటులోంచి తుండందుకుని చేతికిచ్చాను. ముక్కు చీదుకుని, మొహం తుడుచుకుని, వెంటనే మళ్ళీ డ్రైవరైపోయాడు. దీపాలన్నీ కలిసి వణుకుతున్నాయా, ఒకదాని తర్వాత ఒకటా, ముల్లు ఎప్పుడు ఎగురుతోంది, దీపాలతో పాటా, విడిగానా అని నన్ను వంద ప్రశ్నలు వేశాడు. నేను మీటర్ల మీద నుంచి కళ్ళు తిప్పకుండా పాఠం ఒప్పజెప్పినట్టు చెబుతూ ఉంటే, పాలకొల్లుదాకా ఈలవేస్తూ నడిపాడు.

ఇంటికి కాదు, తిన్నగా షెడ్డుకే తీసుకెళ్ళాడు. మావయ్య అప్పుడే తలుపులు దగ్గరకి వేస్తున్నాడు. "శనివారం పూట తెచ్చావేంటి బావా, మంగళవారం దాకా ఆగలేకపోయావా?" అని నవ్వబోయి, డాష్‌బోర్డు వంక చూసి నోరు తెరిచేశాడు. ఓరి నాయనో, నిజంగానే కొట్టుకుంటున్నాయే అన్నాడు. ఆ క్షణంలో నాన్న మొహం చూడాల్సింది. దీపాలూ ముల్లూ అన్నీ కలిసి ఆడుతున్నాయంటే బల్బుల తప్పు కాదనీ, అన్నిటికీ కలిపి ఉండే ఎర్త్ తీగ ఎక్కడో పట్టు వదిలిందనీ మావయ్య అన్నాడు. నాన్న అదే అనుకుంటూ వచ్చాడట. ఎర్త్ అంటే ఇంకేం లేదు, కరెంటు తిరిగి వెళ్ళడానికి తీగని కారు రేకుకి బోల్టుతో బిగిస్తారు, అది. ఇద్దరూ డాష్‌బోర్డు కింద వెల్లకిలా పడుకుని, టార్చిలైటు నా చేతికిచ్చి, మీటర్ల వెనక్కి చెయ్యి పెట్టి ఆ బోల్టు వెతికి పట్టుకున్నారు.

సరిగ్గా అప్పుడే అమ్మ వచ్చింది. చీకటి పడినా మేము ఇల్లు చేరకపోయేసరికి గుండె చేత్తో పట్టుకుని వెతుక్కుంటూ వచ్చి, రేపు పోయే బండికి ఈ సింగారాలేంటని విరుచుకుపడబోయింది. మావయ్య విప్పి చూపించిన తీగ చూసి సగంలో ఆగిపోయింది. రాగి తీగ చివరంతా పచ్చగా, పొక్కులు పొక్కులుగా ఉంది.

"ఇది చిలుం కదరా! తోమకుండా వదిలేసిన రాగి చెంబుకి పట్టినట్టు పట్టేసిందేంటి?"

కారు లోపల, వాన తగలని చోట, చిలుం ఎలా పడుతుంది? మావయ్య బోల్టు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు, నాన్నకిచ్చాడు. నాన్న చూసి అమ్మకిచ్చాడు. అమ్మకి వాసన అక్కర్లేకపోయింది. బోల్టు చుట్టూ ఎర్రగా కుంకం అట్టకట్టి ఉంది. పులిసిన కొబ్బరినీళ్ళ కంపు నా ముక్కుకే తెలుస్తోంది. అద్దానికీ డాష్‌బోర్డుకీ మధ్యనున్న సందులోంచి శుక్రవారం శుక్రవారం దిగిన పూజ నీళ్ళు తిన్నగా ఆ బోల్టు మీదే పడుతున్నాయి. శుక్ర, శనివారాల్లో తడికి దీపాలు వణకడం, మంగళవారానికి ఎండలో ఆరిపోయి మళ్ళీ కాస్తంత పట్టు దొరకడం, ఆ మంగళవారమే బండి షెడ్డుకి రావడం! అదీ కథ. కొడుకు కళ్ళకి ఏమీ కాకూడదని నాయనమ్మ ఎన్ని కాయలు ఎక్కువ కొడితే, ఆ దీపాలు అంతగా వణికాయి.

ముందు మావయ్య పక్కున నవ్వాడు, తర్వాత నాన్న. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుని, నాన్న ఒక్కసారిగా గంభీరమైపోయాడు. "అమ్మకి తెలిస్తే..." అని, నాయనమ్మని తలుచుకుని ఆపేశాడు. ముగ్గురం అమ్మ వంక చూశాం. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, మా అమ్మకీ నాయనమ్మకీ పొసగేది కాదు. పులుసులో బెల్లం దగ్గర్నుంచి పిల్లల జడల దాకా ఏళ్ళ తరబడి అత్తగారి సణుగుడు విన్న కోడలికి, ఇన్నాళ్ళకి ఇంత పెద్ద బాకు చేతికొచ్చింది. అమ్మ ఆ పచ్చటి తీగని అటూ ఇటూ తిప్పి చూసి, ఎవరికీ ఏం చెప్పక్కర్లేదు, ముందు ఆ చిలుం వదిలించండి, చింతపండు పట్టుకొస్తానుండండి అని కొంగు బిగించి బయల్దేరింది. ఇది గంగాళం కాదే అక్కా అని మావయ్య వెనక నుంచి మొత్తుకున్నాడు. చింతపండు రాకముందే గరుకు కాగితంతో తీగ చివర తళతళలాడేలా రుద్ది, బోల్టు నీళ్ళు దిగని చోటికి మార్చి, గ్రీజు రాసి బిగించేశాడు. దీపాలు వెలిగాయి. నాన్న వేలి కణుపుతో ఎంత కొట్టినా కదల్లేదు.

ఆదివారం వచ్చిన తణుకు ఆయన, కాఫీ తాగి, ఆత్రేయపురం పూతరేకులు తిని, వచ్చిన దారినే వెళ్ళాడు. అసలు తమాషా నాయనమ్మది. కొడుకు కళ్ళు బాగయ్యాయనీ, తన కొబ్బరికాయలే వాడి చూపు నిలబెట్టాయనీ వీధంతా చెప్పుకుంది. పక్కనే నించున్న అమ్మ అవునవునని తలూపింది. ఆ వచ్చే శుక్రవారం మాత్రం చెంబు పట్టుకుని కారు తలుపు దగ్గరకి వెళుతున్న అత్తగారికి అడ్డం వెళ్ళి, మొక్కు తీరింది కదా అత్తయ్యగారూ, ఇకమీదట కాయ ముందు చక్రం దగ్గరే కొట్టాలనీ, లోపల హారతి ఇస్తే చాలనీ పూజారిగారు చెప్పారండీ అంది. ఏ పూజారిగారూ ఏమీ చెప్పలేదు. ఆ తర్వాత ఆ ఇద్దరి మధ్యా ఎన్ని పోట్లాటలు జరిగాయో లెక్కలేదు. ఒక్కో పోట్లాటలో పూజ నీళ్ళ సంగతి అమ్మ నాలుక చివరిదాకా వచ్చేసిందనుకుని నేను ఊపిరి బిగబట్టేదాన్ని. నాయనమ్మ పోయేదాకా కూడా ఆ మాట అమ్మ నోట రాలేదు. మా అమ్మ మీద నాకున్న గౌరవంలో సగం దానివల్లే.

నాన్న ఆ తర్వాత చాలా ఏళ్ళు బండి నడిపాడు. పెద్దతనంలో కంట్లో నిజంగానే పొర వచ్చినప్పుడు, ఎవరూ చెప్పకముందే తాళంచెవి తెచ్చి అమ్మ చేతిలో పెట్టాడు. ఈసారి దీపాలు కావు, నా కళ్ళే అన్నాడు, ఏ బాధా లేకుండా.

నా కారు సంగతికొస్తాను. రెండోసారి వెళ్ళి గట్టిగా అడిగితే, మళ్ళీ అలా అయినప్పుడు ఫోనులో వీడియో తీసి తెమ్మన్నారు. తీశాను. వంతెన దిగి పక్కన ఆపి, దీపాలు కొట్టుకుంటుంటే చక్కగా తీసి పట్టుకెళ్ళాను. ఆ పెద్దమనిషి చూసి, ఫోనుతో తీస్తే ఏ కారు దీపాలైనా ఇలాగే కొట్టుకుంటూ కనపడతాయండి, దీన్ని లెక్కలోకి తీసుకోలేమండి అన్నాడు. అయితే నా పక్కన కూర్చుని ఒక్కసారి వంతెన దాకా రావయ్యా అన్నాను. బండి ఇక్కడ వదిలేసి వెళ్ళండి మేడమ్, పరీక్షిస్తాం అన్నాడు. ఆయన తప్పేం లేదు, ఇప్పటి పద్ధతే అంత. ఇప్పటి కార్లు తమ జబ్బు తామే చెప్పుకుంటాయి, అవి చెప్పకపోతే జబ్బు లేనట్టే. నేను వదిలి రాలేదు. ఎర్త్ తీగ చూడమని చెప్పాలనిపించింది కానీ, మళ్ళీ నా కళ్ళజోడు వంక చూస్తాడని ఊరుకున్నాను.

నిన్న సాయంత్రం మళ్ళీ అదే వంతెన మీద అవి వణికాయి. ఈమధ్యే కళ్ళ డాక్టరుకి చూపించుకుంటే బాగున్నాయనే అన్నాడు, అయినా ఒకసారి అద్దంలో నా కళ్ళు చూసుకున్నాను. నాన్న ఒక కన్ను మూసి అద్దంలో ఎందుకు చూసుకునేవాడో నిన్న తెలిసింది. అలవాటుగా ఎడమ పక్కకి తిరిగాను. మావారు ఉన్నంతకాలం కూర్చున్న ఆ సీట్లో ఇప్పుడు నా సంచీ, మంచినీళ్ళ సీసా, ఫోనూ ఉన్నాయి. వాటిని ఏమని అడగను? ఆ రోజు నాన్న పక్కన నేనున్నాను.